కాలిక్యులేటర్‌కు గుచ్చిన ఊదువత్తి

ఆ రోజుల్లో ఇంటర్నెట్‌కు తగిలించని వస్తువేదైనా కంటపడితే మాకు దాని మీద జాలి కలిగేది. ఫోన్లో డేటా అప్పుడప్పుడే చవకై, తిరుపతిలో టీ అంగళ్ళ ముందు కూడా కుర్రాళ్ళు అదే మాట్లాడుకునే కాలం. మా ఇంజనీరింగ్ కాలేజీలో (ఊరి బయట, బస్సు దిగి మళ్ళీ షేర్ ఆటో ఎక్కితే వచ్చేది) చివరి సంవత్సరం చదువుతున్న మేమంతా కనిపించినదాన్నల్లా ఇంటర్నెట్‌కు కట్టేయాలన్న ఆవేశంలో ఉన్నాం. ఒకడు ఫ్యానును కట్టాడు. ఒకతె పూలకుండీని కట్టింది. మొక్కకు దాహమేస్తే ఫోన్‌కు మెసేజ్ వస్తుందట. (మెసేజ్ వచ్చింది గానీ, నీళ్ళు పోసేవాళ్ళు లేక మొక్క పోయింది.) హాస్టల్ వాటర్ ట్యాంకు కోసమైతే రెండు జట్లు కొట్టుకున్నంత పని చేశాయి. ఇంతా చేస్తే ఎవరికి ఏం ఒరుగుతుందని ఎవరూ అడగలేదు, అది అడిగే వయసు కాదు. ఇప్పుడు ఒక కంపెనీలో కూర్చుని పొద్దస్తమానం "దీనివల్ల లాభమేంటి" అని ఎదుటివాళ్ళను అడిగి జీతం తీసుకునే నాకు, ఆ రోజులు తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది.

మాది నగరి. సెలవులకు ఇంటికి పోయి తిరిగి వచ్చే బస్సు పుత్తూరులో ఆగిందంటే డ్రైవరు ఆకలి తీరేదాకా కదలదు. అలా, ప్రాజెక్టులు పంచిన రోజున నేను క్లాసులో అడుగుపెట్టేసరికి లోకంలోని వస్తువులన్నీ అయిపోయాయి. పంచుతున్నది పారాబోలా సారు. మా లెక్కల సారుకు ఆ పేరెందుకంటే, క్లాసులో ఎవరైనా కునుకు తీస్తే సుద్దముక్క విసిరేవారు. అది తగిలిందా లేదా అన్నది ఆయనకు పట్టదు. వెంటనే బోర్డు వైపు తిరిగి ఆ సుద్దముక్క గాల్లో పోయిన దారిని గీసి, "ఇదే పారాబోలా, నిద్రపోయినవాడు కూడా రాసుకోవాల" అనేవారు. ఆయన నన్ను చూసి, "అన్నీ అయిపోయినాయమ్మా. ఇంక మిగిలింది నా కాలిక్యులేటర్ ఒకటే. తగిలిస్తావా దాన్ని?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నాకు చిన్నప్పటి నుంచి ఒక జబ్బుంది. నలుగురు నవ్వారంటే ఆ పని చేసి తీరాలనిపిస్తుంది. "తగిలిస్తాను సార్" అన్నాను. నవ్వు ఆగిపోయింది. ముందుగా ఆగింది సారు నవ్వే.

ఆ కాలిక్యులేటర్ గురించి చెప్పాలి. అంగట్లో కూడికలు వేసుకునే రకం కాదది. ఇటుకంత ఉంటుంది, సగం తెర, సగం మీటలు. సమీకరణం కొడితే దాని గ్రాఫును ఆ చిన్న తెర మీద చుక్క చుక్క కలుపుతూ, తీరిగ్గా ముగ్గు వేసినట్టు గీస్తుంది. సారు కుర్రవాడుగా ఉన్నప్పుడు ఎవరో విదేశీ ప్రొఫెసరు వచ్చి, పోతూ పోతూ ఇచ్చిపోయాడట. ఆయన భార్య దానికి పూల గుడ్డతో ఒక సంచి కుట్టిచ్చారు. రోజూ ఆ సంచిలో వచ్చేది, సంచిలో పోయేది. అయితే మా కాలానికి ఆ గ్రాఫులన్నీ ఫోన్లోనే క్షణంలో వచ్చేస్తున్నాయి. సారు దాన్ని తీసి గీయించడం మొదలుపెడితే వెనక బెంచీలవాళ్ళు ఫోన్లో ముందే గీసేసి, "సార్, మాకు వచ్చేసింది, మీకింకా రాలేదా?" అని అరిచేవాళ్ళు. ఆయన తెర వంకే చూస్తూ, "అది ఎట్ల వస్తాందో చూడడమే గదరా లెక్కలంటే" అని గొణుక్కునేవారు. ఆ ఏడాదితో ఆయన రిటైరు అవుతున్నారు.

కాలిక్యులేటర్ నెత్తి మీద సన్నటి గుండ్రటి రంధ్రం ఒకటి ఉంటుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి వైరు పెట్టి లెక్కలు పంపుకోవడానికి చేసింది. (సారు దగ్గర ఉన్నది ఒక్కటే కాబట్టి అది పుట్టి బుద్ధెరిగి ఎవరితోనూ మాట్లాడి ఎరగదు.) నా ఉపాయమల్లా ఆ రంధ్రంలోకి ఒక వైరు దూర్చడం, రెండో కొసన బిస్కెట్టంత వైఫై బోర్డు ఒకటి పెట్టడం, ఆ బోర్డును ఫోన్‌కు కలపడం. ఫోన్ నుంచి లోకమంతా మనదే. ఈ రంధ్రాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. నా కథంతా అందులోనే ఇరుక్కుంది.

దసరా సెలవుల ముందు సారు ఆ సంచిని నా చేతికిస్తూ, తెరిచి చూసి, మూసి, మళ్ళీ తెరిచి చూశారు. "సెలవులయినాక మొదటి రోజే నా కండ్ల ముందర ఇది పని చెయ్యాల. చెయ్యకపోతే నువ్వూ పోయి ఆ వాటర్ ట్యాంకు జట్టులో చేరాల్సిందే. అది పెద్ద మాట కాదులే. కానీ అమ్మా, తీసుకుపోయినది తీసుకుపోయినట్టు తేవాల. ఇంక ఇట్లాంటిది నాకెవరూ ఇయ్యరు."  ప్రాజెక్టు పోతే ఇంకోటి దొరుకుతుంది. సారు కాలిక్యులేటర్ పోతే ఆయన ముఖం ఎలా చూడాలి? బస్సులో ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, పక్కనున్న పెద్దావిడ ప్రసాదమనుకుని కొంచెం పెట్టమంది.

మా ఇంట్లో మనుషులు గట్టిగా మాట్లాడతారు, లేకపోతే అసలు మాట్లాడరు. ఇంటి వెనకే మగ్గాల కొట్టం, అందులో ఎనిమిది కరెంటు మగ్గాలు. అవి నడుస్తుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని కొట్టంలో అంతా సైగలే. అన్నానికి ఒక సైగ, కరెంటు పోతే మణికట్టు తిప్పడం, తెగిన పోగును అతికించాక రెండు చూపుడువేళ్ళ కొసలు కలిపి చేతులు ముందుకు తోస్తే "పోగు కలిసింది, ఇంక తోలు" అని, అంటే మగ్గం నడపమని. కొట్టంలోంచి బయటికొచ్చాక మాత్రం గొంతులు తగ్గించుకోవడం ఎవరికీ చేతకాదు. మా నాయన ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్ళకు ఫోన్ అవసరం ఉండదని వీధిలో అనేవాళ్ళు. మా అవ్వకైతే, అంటే నాయన తల్లికి, ఆ మోతలోనే వయసంతా గడిచి చెవులు మందగించాయి. అయితే ఏది వినపడాలో ఏది వినపడకూడదో అన్నది పూర్తిగా ఆమె ఇష్టం.

నేను కొట్టం మూలన బల్ల మీద కాలిక్యులేటర్, వైర్లు పరుచుకుని కూర్చుంటే, నాయన దారం కండెలు మార్చడానికి వచ్చినప్పుడల్లా ఒక నిమిషం నిలబడేవాడు. ఒకరోజు కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడు అడిగాడు.

"ఇదేం చేస్తాదిమే?"

"ఇంటర్నెట్‌తో మాట్లాడతాది నాయనా."

"నీ ఫోను మాట్లాడతాండాది గదా?"

"మాట్లాడతాది."

"మళ్ళ దీనికెందుకు?"

  "అదొక పని నాయనా" అన్నాను. అనకూడని మాట అన్నాను. మా నాయనకు "పని" అనే మాట మీద చాలా పట్టింపు. షిఫ్టు అయ్యేసరికి కొలిస్తే మీటర్లు రావాలి, అది పని. మిగతావన్నీ ఆటలు. ఆయన నా బల్ల వంక, బిస్కెట్టంత బోర్డు వంక చూసి, "సరేలే, ఆడుకో" అని పోయాడు. రెండు రోజుల్లో నా మీద కొట్టంలో ఒక కొత్త సైగ పుట్టింది. ఎడమ అరచేతిని కుడి వేలితో టకటకా పొడిచి, తర్వాత రెండు చేతులూ ఆకాశానికి విసరడం. అంటే నేను అన్నమాట. మా అమ్మ కూడా నన్ను అన్నానికి పిలవమని అవ్వకు అదే సైగ చేసేది.

అష్టమి నాడు అది పలికింది. మరునాటి ఆయుధపూజకు మగ్గాలు ఆపి, దుమ్ము దులిపి, నూనె గుడ్డతో తుడుస్తున్నారు. ఆ నిశ్శబ్దంలో నేను మీట నొక్కితే, నగరిలో ఎండ ఎంతో ఇంటర్నెట్‌ను అడిగి తెలుసుకుని, ఆ అంకె తెర మీద చూపించింది. ఎన్ని రోజులు ఆ రెండు సన్నటి వైర్లు నన్ను ఏడిపించాయో నాకే తెలుసు. చంకలు గుద్దుకుంటూ పోయి నాయన ముందు పెట్టాను. ఆయన కళ్ళు చికిలించి చూసి, "బయటికొచ్చి నిలబడితే తెలస్తాది గదమ్మా, ఎండ ఎంత కాస్తాండేదీ" అన్నాడు. అని, నూనె డబ్బా తీసుకుని ఇంకో మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు. కాలేజీ అంతా నవ్వినా నాకేమీ అనిపించలేదు గానీ, ఆ మాటకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "భలే పని చేసినావే" అని ఆయన ఒక్కసారి అంటే చాలని నేను లోపల్లోపల ఎంత ఎదురుచూశానో అప్పుడే నాకూ తెలిసింది. మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, ఈసారి ఎండలూ వానలూ కాకుండా మనుషుల మాటలే దానిలోకి రప్పించాలని పంతం పట్టాను. సాయంత్రానికి ప్రోగ్రాం రాయడం అయింది గానీ, బోర్డు కేబులు కాస్తా తెగి కూర్చుంది.

ఆయుధపూజ గురించి మా ఇంటి పద్ధతి చెప్తే గానీ మీకు జరిగింది అర్థం కాదు. నవమి నాడు కొట్టంలో చెక్క పలక వేసి దాని మీద పనిముట్లన్నీ పెడతారు. కత్తెరలు, స్పానర్లు, నాడెలు (మగ్గంలో దారం పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తే చెక్కలు), అమ్మ కుట్టు మిషను. అందులో ఏది ఉండాలో నాయన చెప్పాల్సిందే. ఒక ఏడాది మా చిన్నాన్న మోజుపడి టీవీని తెచ్చి పెడితే, "ఇది కూడు పెడతాదా, తినే కూడు చెడగొడతాదా?" అని తీయించేశాడు. నా పుస్తకాలకు మాత్రం చదువనే మర్యాద కొద్దీ ఒక మూల చోటు దొరికేది. ఇంకో పద్ధతి, మా కొట్టంలో ఊదువత్తులను అందరిలా అరటిపండుకు గుచ్చరు. ఏ మగ్గానిది ఆ మగ్గానికే. మగ్గం చట్రానికి పైన బోల్టు రంధ్రం ఒకటి ఉంటుంది. దానిలో కాస్త గంధం ముద్ద కూరి, ఊదువత్తిని నిలబెడతారు. ఒకసారి పూజలో పెట్టాక, మరునాడు దశమి పొద్దున మళ్ళీ కర్పూరం వెలిగించేదాకా దేన్నీ తాకకూడదు.

నవమి పొద్దున నేను కేబులు కోసం పుత్తూరులో ఉన్న స్నేహితురాలి ఇంటికి వెళ్ళాను. తిరుగు బస్సు దాని అలవాటు అది మానలేదు. ఇల్లు చేరేసరికి పూజ అయిపోయింది, వాకిట్లో గుమ్మడికాయ కూడా పగిలిపోయింది. కొట్టంలోకి తొంగిచూశాను. ఎనిమిది మగ్గాలూ బొట్లు పెట్టుకుని, పూలదండలు వేసుకుని పెళ్ళివారిలా నిలబడి ఉన్నాయి. పలక మీద కత్తెరలూ నాడెలూ వరసగా ఉన్నాయి. వాటి నడుమ, దేవుడి పటంలా గోడకు ఆనించి, సారు కాలిక్యులేటర్. మీటల నిండా గంధం. తెరకు అడ్డంగా కుంకుమ బొట్టు. నెత్తిన, సరిగ్గా ఆ రంధ్రంలో, కొలత తీసి చేయించినట్టుగా ఒక ఊదువత్తి నిలబడి హాయిగా పొగ వదులుతోంది.

"అవ్వా!" అని అరిచాను. బహుశా పుత్తూరు దాకా వినపడి ఉంటుంది. "ఎవురు పెట్టింది దీన్ని? నీకు పనేమీ లేదా? అది మా సారుది! ఆ రంద్రంలోనే గదా వైరు పెట్టేది!"

అవ్వ నా వంక చూసి, పళ్ళెంలో బొరుగులు, గుగ్గిళ్ళు పెట్టి చేతికిచ్చింది. "తిను అమ్మణ్ణీ. బెల్లం బాగుండాది ఈసారి."

"నీకు వినపడ్లేదా?"

"శెనగలు కూడా బాగా ఉడికినాయి."

తీసేస్తానని ముందుకు పోబోతే, మూలన చేతులు కట్టుకుని నిలబడ్డ నాయన మగ్గాల వంకే చూస్తూ, "రేపు పొద్దున కర్పూరం సూపించినాకనేమ్మా, ఏదన్నా కదిలించేది" అన్నాడు. ఎప్పుడూ లేనిది, నెమ్మదిగా అన్నాడు. నేనింక ఆ ఊదువత్తి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నిప్పు కిందికి దిగుతోంది. అది ప్లాస్టిక్ దాకా వస్తే? ఆర్పుదామంటే పూజలో వెలిగిందాన్ని ఆర్పకూడదు. ఉఫ్ మనడానికి పెదవులు ముడిస్తే చాలు, అంతసేపూ ఏమీ వినపడని అవ్వ వెనక నుంచి "ఊఁ!" అనేది. చూసేవాళ్ళకు నేను మహా భక్తురాలిలా కనిపించి ఉంటాను. పక్కింటి ఆడవాళ్ళు తాంబూలానికి వచ్చి, "పాపకు ఎంత శ్రద్ధో సూడు" అనుకుంటూ పోయారు. చివరికి మసాలా లేని పుల్ల దగ్గరికి వచ్చి నిప్పు దానంతటదే ఆరిపోయింది. ఆ దేవుడెవరో గానీ ఆయనకు అప్పుడు నిజంగానే దండం పెట్టాను.

దండం పెట్టడం తొందరపాటని దశమి పొద్దున తెలిసింది. రంధ్రంలో కూరిన గంధం ఆరి సిమెంటులా బిగుసుకుంది. కర్పూరం ఆరీ ఆరకముందే పోయి పుల్లను పట్టుకుని లాగాను. టప్పుమని విరిగింది. సగం నా చేతిలో, సగం లోపల. ఇంక చూడండి, పండగ పూట ఇంటినిండా సహాయమే. అమ్మ తలపిన్నుతో పొడిచింది. పక్కింటామె కొబ్బరినూనె చుక్క వేయమంది. చిన్నాన్న ఊదమన్నాడు, నేను వద్దనే లోపే తనే ఊదాడు. ఎవరు చెయ్యి పెడితే వాళ్ళ వంతుగా ఆ పుల్ల ఇంకొంచెం లోపలికి పోయింది. చివరికి నాయన పోగులు లాగే సన్న కొక్కేన్ని తెచ్చి, వెలుతురులోకి తీసుకుపోయి, చాలాసేపు కెలికాడు. కొక్కెం రెండుసార్లు జారి కింద పడింది. తెగిన పోగును కళ్ళు మూసుకుని అతికించే మనిషి చేతిలోంచి కొక్కెం జారడం నేనెప్పుడూ చూడలేదు. పుల్ల రాలేదు. ఆయన కొక్కెం జేబులో వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం అవ్వ మీద అరుస్తూనే ఉన్నాను, అవ్వ శెనగల మంచితనం చెప్తూనే ఉంది.

ఏడవడం అయ్యాక, ముక్కు తుడుచుకుని స్క్రూడ్రైవరు తీశాను. రంధ్రం పోయినా, లోపల దాని కాళ్ళు ఉంటాయి కదా. సారు ఏనాడూ విప్పని కాలిక్యులేటర్ వీపు విప్పి, ఆ రంధ్రం కాళ్ళకే నేరుగా రెండు వైర్లు అతికించి, బ్యాటరీ మూత సందులోంచి బయటికి లాగాను. మూసేటప్పుడు "సారూ, తప్పయిపోయింది" అని పైకే అన్నాను. మీటల సందుల్లో గంధం తుడిచేకొద్దీ సువాసన పెరిగిందే గానీ తగ్గలేదు. పని చేస్తోందో లేదో చూద్దామనుకుంటే కరెంటు పోయింది, ఫోన్లో చార్జింగు అంతకుముందే పోయింది. ఏదైతే అదైందని మరునాడు తెల్లవారగానే బస్సెక్కాను. అమ్మకు మాత్రం, "నా దగ్గర్నించి ఏదన్నా మెసేజ్ వస్తే వెంటనే జవాబియ్యి, ఏం రాసినా పరవాలేదు" అని చెప్పి వచ్చాను.

ల్యాబులో అందరూ గుమిగూడారు. సారు పూల సంచి తెరవగానే, ముందుగా ఆయన ముక్కు కదిలింది.

"ఏందమ్మా, గుడి వాసన వస్తాంది?"

నేను జరిగిందంతా చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టానో, ఎక్కడ ఆపానో గుర్తులేదు. పూజ అన్నాను, పుల్ల అన్నాను, అవ్వ అన్నాను, వీపు విప్పానన్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సారు కాలిక్యులేటర్‌ను తిప్పి తిప్పి చూస్తున్నారు. నెత్తిన విరిగిన పుల్ల, వీపున వేలాడే వైర్లు, మీటల సందుల్లో ఇంకా పోని పసుపు గీతలు. ఆయన ముఖంలో కోపం లేదు. కోప్పడినా బాగుండేది. ఇంటర్నెట్ ఊసే మర్చిపోయి, ఈ నేల నన్ను మింగేస్తే చాలనుకుంటున్నాను. సరిగ్గా అప్పుడు ల్యాబు తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు వినపడింది. ఆ గొంతు పై అంతస్తు కెమిస్ట్రీ ల్యాబులో కూడా వినపడి ఉంటుంది.

"సార్! నేను ఈ పాప నాయనను!"

ఇస్త్రీ చొక్కా, భుజాన మా మగ్గం తువ్వాలు. నా వెనక బస్సెక్కి వచ్చాడు. షిఫ్టు మానుకుని మా నాయన ఊరు దాటడం పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప నేను చూడలేదు. ఆయన నా వంక చూడకుండా నేరుగా సారు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఆ ఊదొత్తి గుచ్చింది మా అమ్మ గాదు, నేను. పాప మా అమ్మనే అనుకోని రెండు దినాలుగా తిడతాండాది. నేను నోరెత్తలేకపోతిని."

అవ్వకు ఎందుకు వినపడలేదో అప్పుడర్థమైంది నాకు.

"ఎందుకు గుచ్చినావప్పా?" అన్నారు సారు, నెమ్మదిగా. "ఇది కాలిక్యులేటర్ గదా."

"పనిముట్టు గదా సార్" అన్నాడు నాయన, అంతే గట్టిగా. "మొదట్లో నేనూ ఎగతాళి చేసినా. అష్టమినాడు ఎండ ఎంతో సూపిస్తే, నేనేదో అనేసి పొయినా. మళ్ళ తలుపు కాడ నిలబడి సూస్తిని. పోగు యాడ తెగిందో నేను ఎట్ల ఎతుకుతానో, అట్లే ఎతుకుతాండాది సార్, కూటికి కూడా లేయకుండా. అది పని గాకుంటే ఇంకేది పని? మగ్గాలకు పూజ చేసి, దాన్ని బల్ల మీద వదిలేస్తే నాకు మనసొప్పలేదు. మగ్గానికి ఎట్ల గుచ్చుతామో అట్లే గుచ్చినా. ఆ రంద్రం దానికేనేమో అనుకుంటి."

ల్యాబులో ఎవరూ నవ్వలేదు. నాకు నాయన నోట వచ్చిన ఆ ఒక్క మాటే చెవుల్లో తిరుగుతోంది. పని అన్నాడు. నా ఆటను పని అన్నాడు, అదీ ఊరంతా వినేలా.

సారు కాలిక్యులేటర్ మీద మిగిలిన కుంకుమను వేలితో తడిమి చూశారు. "మా ఇంట్లో కూడా నవమి నాడు పుస్తకాలకు పూజ చేస్తాం. మా ఆవిడ కుట్టు మిషనుకు చేస్తాం. పోపుల డబ్బాకు కూడా చేస్తాదామె. ఇన్నేండ్లూ నాకు అన్నం పెట్టిన దీనికి ఒక్క బొట్టు పెట్టాలని నాకు తట్టలేదప్పా" అన్నారు. అని దాన్ని కళ్ళకద్దుకున్నారు. తర్వాత గొంతు సవరించుకుని, ఎప్పటి పారాబోలా సారు అయిపోయి, "సరే, సరే, అసలు పని చేస్తాందా లేదా? మొదటి ప్రశ్న మీ నాయనే అడగనీ" అన్నారు.

నాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని ఆలోచించాడు. లోకంలోని సమాచారమంతా ఆ పెట్టె వెనక ఉందని చెప్తే, మా నాయన అడిగిన ప్రశ్న, "మనింట్లో కరెంటు ఉండాదేమో అడుగుమే. కొత్త పడుగు ఎక్కించి పెట్టి వచ్చినా."

వేలాడే వైర్లకు బోర్డునూ, హాస్టల్లో చార్జింగు పెట్టి తెచ్చిన ఫోన్‌నూ కలిపి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. దానికి తెలిసినవి ఇంగ్లీషు పెద్దక్షరాలే, వాటితోనే మన మాటలు రాయాలి. చివరి మీట గంధానికి బిగుసుకుపోయి దిగలేదు. నాయన తన బొటనవేలు పెట్టి నొక్కాడు. ఆ వేలికి ఎదురు చెప్పే మీట లేదు. తెర మూలన చిన్న గీత ఒకటి కదలడం మొదలుపెట్టింది. కదులుతోంది. కదులుతూనే ఉంది. సారు కళ్ళద్దాలు పైకి జరుపుకున్నారు. మా బ్యాచ్‌లో అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసినవాడు నా భుజం మీదికి వంగాడు. ఇంకేముంది, వైరు ఊడిపోయి ఉంటుందనుకుంటుండగా, తెర ఒక్కసారి ఖాళీ అయి, ఒక్కో అక్షరమూ వచ్చి నిలబడింది. సారు కూడబలుక్కుని పైకి చదివారు.

"ఉండాది. మీరిద్దరూ తింటిరా?"

అమ్మ. ల్యాబంతా ఒక్కసారిగా కేకలు. సారు మళ్ళీ చదివి, పడీ పడీ నవ్వి, "ఎవరమ్మా ఇది, మీ అమ్మా? చెప్పమ్మా చెప్పు, ఇంకా తినలేదని చెప్పు!" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ గోలలో ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు, అచ్చం మా కొట్టంలా ఉంది. నేను తలెత్తి చూశాను. అందరి వెనకాల, కిటికీ పక్కన నిలబడి, నాయన నా వంకే చూస్తున్నాడు. రెండు చూపుడువేళ్ళ కొసలూ కలిపి, చేతులు ముందుకు తోశాడు. పోగు కలిసింది, ఇంక తోలు. అక్కడ ఆ సైగ అర్థమైంది నాకొక్కదానికే. ఏడుపు ఆపుకోవడానికి నేను వంగి, వైరు సరిచేస్తున్నట్టు నటించాను.

ఇంటికి పోయాక అవ్వ కాళ్ళు పట్టుకుని తప్పయిందని చెప్పాను. వినపడలేదంది. సారు రిటైరైన రోజున ఆ పూల సంచిని నా చేతిలో పెట్టి, "మా ఇంట్లో ఉంటే ఇది గడియారం పక్కన దుమ్ము కొట్టుకుంటాది. మీ కొట్టంలో అయితే ఏడాదికొకసారి బొట్టన్నా పెడతారు" అన్నారు. లోపల ఇరుక్కున్న పుల్లను తీయించనా అంటే, వద్దన్నారు.

ఇప్పుడు నా ఫోన్, నా గడియారం, మా ఇంటి ఫ్యాను కూడా ఇంటర్నెట్‌లోనే ఉన్నాయి. వాటిలో ఏది పలికినా నేను తలెత్తి కూడా చూడను. ఎండ ఎంతో చూపించిన ఒక చిన్న అంకె కోసం ఎగిరి గంతేసిన ఆ పిల్ల, ముక్కు తుడుచుకుని స్క్రూడ్రైవరు పట్టుకున్న ఆ పిల్ల ఎప్పుడైనా ఎదురైతే, దీనివల్ల లాభమేంటని మాత్రం అడగకూడదని అనుకుంటూ ఉంటాను. కాలిక్యులేటర్‌లో బ్యాటరీలు కారిపోయి చాలా కాలమైంది. అయినా ప్రతి ఆయుధపూజకూ పూల సంచిలోంచి తీసి పలక మీద, గోడకు ఆనించి పెడతాను. పోయిన ఏడు నేను పెడుతుంటే నాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇప్పుడు పని చేస్తాందామే ఇది?"

"లేదు నాయనా."

పని చెయ్యనిది పూజలో ఉండకూడదన్న నియమం ఆయనదే. అయినా ఆయన గంధం తీసి తెర మీద బొట్టు పెట్టాడు. ఊదువత్తి వెలిగించి, దాని నెత్తి దాకా తీసుకుపోయి, నా ముఖం చూసి ఆగాడు. తర్వాత చుట్టూ వెతికి, ఒక అరటిపండు తెచ్చి దాని పక్కన పెట్టి, జాగ్రత్తగా అందులో గుచ్చాడు.